ఎగిరే కారు రాలేదు సరే, గాలిలో బొమ్మ మన బల్ల మీదే తిప్పొచ్చు: ఏది కట్టగలం, ఏది కట్టలేం?

చక్రధారి (చర్చ మొదలుపెట్టినవారు)

1954లో అమెరికా అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు లూయిస్ స్ట్రాస్, రాబోయే తరానికి కరెంటు మీటరు పెట్టి కొలవాల్సిన పనే ఉండదన్నాడు. 1961లో బెల్ వాళ్ల రాకెట్ బెల్టు మనిషిని గాల్లోకి లేపింది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ముఖాలు చూసుకుంటూ మాట్లాడే ఫోను పెట్టారు. 1976లో ధ్వనిని మించిన వేగంతో కాంకార్డ్ విమానం ప్రయాణికులను మోయడం మొదలుపెట్టింది.

ఇక జమాఖర్చు. కాంకార్డ్ 2003లో ఆగిపోయింది. 1972 డిసెంబరులో అపోలో 17 తర్వాత చంద్రుడి మీద ఎవరూ దిగలేదు. మీటరు గోడకే ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ జాబితాలో ఇంటింటికీ చేరింది వీడియో ఫోన్ ఒక్కటే.

ఏడుపు కోసం కాదు ఈ చర్చ. ఆ పాత వాగ్దానాల్లో ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లు సొంతంగా కట్టుకోగలిగేవి ఏవి? భాగాలు, కొలతలు, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది రాయండి. రెడీమేడ్ సరుకు లింకులు వద్దు.

---

లెక్కలపుస్తకం

ముందు కట్టలేనివి తీసేద్దాం, సమయం కలిసొస్తుంది.

గాల్లో కదలకుండా నిలబడాలంటే కనీసం ఇంత పవర్ కావాలి: థ్రస్ట్‌ను (పైకి నెట్టే బలాన్ని) 1.5 ఘాతానికి పెంచి, (2 × గాలి సాంద్రత × రెక్కలు ఊడ్చే వైశాల్యం) వర్గమూలంతో భాగించాలి. బండి, మనిషి కలిసి 500 కిలోలు అనుకోండి. థ్రస్ట్ 4,905 న్యూటన్లు. గాలి సాంద్రత 1.225. చిన్న ఫ్యాన్లు అన్నీ కలిపి 2 చదరపు మీటర్లు ఊడిస్తే 155 కిలోవాట్లు. అదే 40 చదరపు మీటర్లయితే 35 కిలోవాట్లు చాలు. కానీ 40 చదరపు మీటర్లంటే 7 మీటర్ల పైచిలుకు వ్యాసం. అది కారు కాదు, హెలికాప్టర్. ఇంటి ముందు నిలపండి చూద్దాం.

155 అన్నది నష్టాలు లేని లెక్క. మోటారు, రెక్కల నష్టాలు కలిపితే 220 దాకా పోతుంది. కిలోకు 250 వాట్‌అవర్ల సెల్స్ 150 కిలోలు పెట్టినా 37.5 కిలోవాట్‌అవర్లే. అంటే సున్నా వరకూ పిండినా 10 నిమిషాలు. రాకెట్ బెల్టు ఇంకా ఘోరం, హైడ్రోజన్ పెరాక్సైడ్ 21 సెకన్లలో అయిపోయేది.

ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీయడం) సంగతీ ఇంతే. 2022 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో ఇంధన గుళిక ఉన్న లక్ష్యం మీద పడిన లేజర్ 2.05 మెగాజౌళ్లు, బయటికొచ్చింది 3.15. పెద్ద విజయమే, కాదనను. కానీ ఆ లేజర్లను నడపడానికి గోడ నుంచి లాగింది సుమారు 300.

నా లెక్క ప్రకారం బరువు మోస్తామన్నవి మాట తప్పాయి. కాంతిని, సమాచారాన్ని కదుపుతామన్నవి నిలబెట్టుకున్నాయి. వీడియో ఫోన్ 1970లో పిట్స్‌బర్గ్‌లో వ్యాపారంగా మొదలై మూలపడింది, ఎందుకంటే అవతలివాడి దగ్గర అదే ఫోను ఉండాలి, లైనుకు అయ్యే ఖర్చు భరించాలి. బిట్లు చవకయ్యాక దానంతట అదే వచ్చింది. చేత్తో కట్టాలంటే కాంతి వైపు చూడండి.

---

నిప్పురవ్వ

లెక్క బాగుంది కానీ గీత మరీ తిన్నగా గీశారు. సమాచారం వైపు కూడా మాట తప్పినవి బోలెడు. రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్‌ను 2016లో కంపెనీయే ఆపేసింది. డబ్బా చెడలేదు, తీగ తెగలేదు. అవతలి సర్వర్ ఆగింది, ఇవతల డబ్బా ఇటుకరాయి అయింది.

అందుకే నా షరతు ఒకటి చేర్చండి: ఇంటర్నెట్ తీగ పీకేసినా పనిచేయాలి. లైట్లు, స్విచ్‌లు అయితే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), ఇంట్లోనే నడిచే ఎమ్‌క్యూటీటీ బ్రోకర్ (పరికరాల మధ్య సందేశాలు చేరవేసే ప్రోగ్రాము), అంతే. దీని మీద పాత చర్చలు చాలా ఉన్నాయి, ఇక్కడ సాగదీయను.

---

తిరుగుడుపువ్వు

అయితే నేను గాలిలో తేలే బొమ్మకు ఓటేస్తాను. ఎల్‌ఈడీల కడ్డీ గిర్రున తిరుగుతుంటే కంటికి నిండు బొమ్మలా కనబడే పీవోవీ ఫ్యాన్ (చూసింది కంట్లో క్షణం నిలిచిపోతుంది, దాని పేరే పీవోవీ). తీగ పీకే పరీక్ష నెగ్గుతుంది, ప్రతి భాగమూ విప్పి చూసుకోవచ్చు.

కావలసినవి:

- ఏపీఏ102 ఎల్‌ఈడీ స్ట్రిప్, మీటరుకు 144 రకం, 64 ఎల్‌ఈడీల ముక్క. మధ్యలో ఇరుసు, అటు 32, ఇటు 32. ఎల్‌ఈడీల ఎడం 6.94 మిల్లీమీటర్లు కాబట్టి చేయి పొడవు 222 మి.మీ.
- ఈఎస్‌పీ32 చిన్న బోర్డు. క్లాక్ 18, డేటా 23, హాల్ సెన్సర్ 27.
- 74ఏహెచ్‌సీటీ125, సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే చిప్. ఈఎస్‌పీ 3.3 వోల్టులే ఇస్తుంది, 5 వోల్టుల మీద నడిచే స్ట్రిప్‌కు 3.5 దాటితేగానీ ‘ఒకటి’ అని ఖాయంగా తెలియదు. మోస్‌ఫెట్ పెట్టిన చవక లెవెల్ షిఫ్టర్లు ఐ2సీ లాంటి నెమ్మది సిగ్నళ్లకు సరే, 8 మెగాహెర్ట్జ్ దగ్గర అంచులు కరిగిపోతాయి.
- ఏ3144 హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికొస్తే సిగ్నల్ ఇచ్చేది), 10 కిలోఓమ్ రెసిస్టర్, కదలని వైపు 8 × 3 మి.మీ. నియోడైమియం అయస్కాంతం.
- ఒక సెల్ లిపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) 1000 ఎమ్ఏహెచ్, 5 వోల్టుల 3 ఆంపియర్ల బూస్ట్ మాడ్యూల్, 1000 మైక్రోఫారాడ్ కెపాసిటర్.
- లోడ్ మీద 900 ఆర్‌పీఎమ్ నిలకడగా ఇచ్చే మోటారు, స్పీడ్ కంట్రోలర్.

900 ఆర్‌పీఎమ్ అంటే సెకనుకు 15 చుట్లు. రెండు చేతులున్నాయి కాబట్టి కంటికి సెకనుకు 30 బొమ్మలు. ఒక చుట్టు 66.7 మిల్లీసెకన్లు. దాన్ని 180 ముక్కలు చేస్తే ముక్కకు 370 మైక్రోసెకన్లు. 64 ఎల్‌ఈడీలకు మొదటి, చివరి ఫ్రేములతో (మొదలు, ముగింపు తెలిపే 32 చొప్పున బిట్లు) కలిపి 2,112 బిట్లు పంపాలి, 8 మెగాహెర్ట్జ్‌లో 264 మైక్రోసెకన్లు పడుతుంది. ఇరుగ్గానే అయినా సరిపోతుంది. 12 దగ్గర 176 మాత్రమే, ఊపిరి ఆడుతుంది.

హాల్ సెన్సర్ కొనేటప్పుడు రెండు ఉచ్చులున్నాయి. యూఎస్1881 లాచ్ రకం, ఎదుటి ధ్రువం చూస్తేగానీ వదలదు. ఒకే అయస్కాంతం పెడితే ఒక్కసారి మోగి నిద్రపోతుంది. రెండోది, బ్యాటరీ ఆదా పేరుతో వచ్చే సెన్సర్లలో కొన్ని సెకనుకు 5 లేదా 20 సార్లే కళ్లు తెరుస్తాయి. ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో అయస్కాంతం 2 మిల్లీసెకన్ల లోపే దాటిపోతుంది, దానికి కనబడదు. ఏ3144కు కనీసం 4.5 వోల్టులు కావాలి, కాబట్టి దాన్ని 5 మీద నడిపి, 10 కిలోఓమ్ రెసిస్టర్‌ను మాత్రం 3.3కు కట్టండి. ఔట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే సొంతంగా వోల్టేజీ పంపదు, ఈఎస్‌పీకి ప్రమాదం లేదు. సిగ్నల్ రాకపోతే ముందు అయస్కాంతాన్ని తిరగేయండి, అది ఒక ధ్రువానికే పలుకుతుంది.

---

కొత్తచేయి

డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ అందరి దగ్గరా పడి ఉంటుంది కదండీ. దానితో కుదరదా? డేటా తీగ కూడా ఒక్కటే.

---

తిరుగుడుపువ్వు

కుదరదండీ, రెండు కారణాలు.

ఒకటి వేగం. దానికి ఎల్‌ఈడీకి 30 మైక్రోసెకన్లు. 64కు 1.9 మిల్లీసెకన్లు దాటుతుంది, ఆ పైన రీసెట్ సమయం. చుట్టుకు 30–33 ముక్కలు మించి రావు.

రెండోదే అసలు దెబ్బ. పాత డబ్ల్యూఎస్2812బీ లోపలి పీడబ్ల్యూఎమ్ (వెలిగించి ఆర్పుతూ కాంతిని తగ్గించే పద్ధతి) సుమారు 400 హెర్ట్జ్. అంటే 2.5 మిల్లీసెకన్లకు ఒకసారి వెలిగి ఆరుతుంది. అంతలో కడ్డీ 13 డిగ్రీలు జరిగిపోతుంది. నారింజ రంగు అడిగితే ఎరుపు గీత ఒకచోట, ఆకుపచ్చ చుక్క ఇంకోచోట పడతాయి. ఏపీఏ102లో రంగుల పీడబ్ల్యూఎమ్ 19 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది, అందుకే అతుకు కనబడదు.

ఏపీఏ102 కొన్నవాళ్లు పడే గోయి కూడా చెప్పేస్తా. ఒక్కో ఎల్‌ఈడీకి 5 బిట్ల ‘గ్లోబల్ బ్రైట్‌నెస్’ ఉంటుంది. కాంతి తగ్గించడానికి అది ముట్టుకున్నారో, 580 హెర్ట్జ్ దగ్గర ఇంకో పీడబ్ల్యూఎమ్ మొదలవుతుంది, బొమ్మ చుక్కలుగా విరుగుతుంది. దాన్ని 31 దగ్గరే ఉంచి రంగుల విలువలు తగ్గించుకోండి.

ఏపీఏ102 అని ఎస్‌కే9822 అంటగడతారు. అదీ పనికొస్తుంది, రంగుల పీడబ్ల్యూఎమ్ 4.7 కిలోహెర్ట్జ్, బ్రైట్‌నెస్ బిట్లు కరెంటునే మారుస్తాయి. కాకపోతే తర్వాతి మొదటి ఫ్రేము వస్తేగానీ కొత్త రంగు చూపదు. చివర 32 సున్నా బిట్లు అదనంగా పంపితే సరి. లేదంటే బొమ్మ సరిగ్గా ఒక ముక్క ఆలస్యంగా వస్తుంది, కారణం తెలియక తల పట్టుకుంటారు.

---

గాజుపలక

తిరిగే ఫ్యాన్‌ను హోలోగ్రామ్ అని అమ్ముతున్నవాళ్ల మాట ఇక్కడ దూరనివ్వకండి. డెనిస్ గాబర్ 1947లో కనిపెట్టిన హోలోగ్రామ్‌లో కాంతి తరంగపు దశ కూడా నమోదవుతుంది, అందుకే తల పక్కకు జరిపితే వస్తువు పక్కవైపు కనబడుతుంది. ఫ్యాన్ మీద బొమ్మ చదునైన పళ్లెం. వెనక నల్లగా ఉండటం వల్ల లోతు ఉన్నట్టు భ్రమ.

భ్రమే కావాలనుకుంటే తిరిగే భాగాలేవీ అక్కర్లేని పాత దారి ఉంది. 1862లో లండన్ రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ రంగస్థలం మీద దయ్యాన్ని చూపించిన పద్ధతి: 45 డిగ్రీల గాజుపలక, ఒక పక్క దాచిన వెలుగు.

ఫోను మీద పెట్టే నాలుగు పలకల గోపురానికి కొలతలు: ఒక్కో పలక ట్రెపీజియం, పై అంచు 1 సెం.మీ., కింది అంచు 6 సెం.మీ., ఏటవాలు ఎత్తు 3.5 సెం.మీ. చిన్న అంచులన్నీ తెర మీదికి వచ్చేట్టు బోర్లించాలి. పెద్దది కావాలంటే సూత్రం ఇదీ: ఏటవాలు ఎత్తు = (కింది అంచు − పై అంచు) ÷ 2 × 1.414. చాలామంది కాగితం మీద పలక మూలనే 45 డిగ్రీలు కోస్తారు. అతికించాక గోపురం కోణం తప్పుతుంది, బొమ్మ నేల వైపో ఆకాశం వైపో వాలుతుంది.

మందం సంగతి. గాజుకు రెండు ముఖాలు, రెండూ ప్రతిబింబం ఇస్తాయి. 45 డిగ్రీల దగ్గర ఆ రెండు బొమ్మల ఎడం మందానికి సుమారు 0.76 వంతు. 3 మి.మీ. గాజయితే 2.3 మి.మీ. జంట గీత, అక్షరం చదవలేం. 0.2 మి.మీ. పారదర్శక షీటయితే 0.15, కంటికి ఆనదు. పల్చని షీటు వంగుతుందనుకుంటే అంచులకు సన్నని నల్ల కడ్డీలు అతికించండి.

ఇక ఎవరూ చెప్పనిది. ఎల్‌సీడీ తెర కాంతి ధ్రువితం, అంటే ఒకే దిశలో కంపిస్తుంది. 45 డిగ్రీల దగ్గర ఒక దిశలో ధ్రువితమైన కాంతి ఒక్కో ముఖం నుంచి 9 శాతం తిరిగొస్తే, దానికి లంబ దిశలోది 1 శాతం కూడా రాదు. అందుకే నాలుగు పలకల్లో రెండు వెలిగి రెండు వెలవెలబోతాయి. షీటు చెడ్డదనుకుని మారుస్తూ పోతారు, ఫలితం ఉండదు. ఒకే పలక వాడండి, తెరను 90 డిగ్రీలు తిప్పి ఏది ప్రకాశంగా ఉందో చూసి బిగించండి. నాలుగూ కావాలంటే ధ్రువీకరణ 45 డిగ్రీల వాలులో ఉన్న తెర వెతకాలి.

---

లెక్కలపుస్తకం

గాజుపలక గారి చివరి పేరా దాచుకోదగ్గది. రెండు ముఖాలూ కలిపితే మంచి దిశలో 18 శాతం లోపు, చెడ్డ దిశలో 2 శాతం లోపు. పదింతల తేడా, కంటికి కొట్టొచ్చినట్టే కనబడుతుంది.

---

నిప్పురవ్వ

ఫ్యాన్ కట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. కడ్డీ కొస వేగం సెకనుకు 21 మీటర్లు, గంటకు 75 కిలోమీటర్లు. కొస దగ్గర త్వరణం గురుత్వానికి 200 రెట్లు. ఒక గ్రాము సోల్డరు ముద్ద అక్కడ 200 గ్రాముల బరువుతో బయటికి లాగుతుంది. 25 గ్రాముల బ్యాటరీని ఇరుసుకు 5 సెం.మీ. పక్కన పెడితే దాని లాగుడు కిలో పైనే. రెండు వైపులా అంటుకునే టేపు ఆ బరువుకు మెల్లగా జారుతుంది, అసలు ప్రమాదం ఆ ‘మెల్లగా’లోనే ఉంది. పది నిమిషాలు బాగా తిరిగి పదకొండో నిమిషంలో ఎగురుతుంది.

కాబట్టి బ్యాటరీ సరిగ్గా ఇరుసు మీదే, చుట్టూ పెట్టెతో. నిలువు కెపాసిటర్‌ను పడుకోబెట్టి కట్టేయండి. స్ట్రిప్‌ను ఫైబర్‌గ్లాస్ లేదా అల్యూమినియం పట్టీకి అతికించి, ప్రతి 5 సెం.మీ.కు దారంతో చుట్టి ఎపాక్సీ పూయండి. జిగురు వెనకున్న టేపును మాత్రమే నమ్మకండి.

సమతూకం: మోటారుకు బిగించే ముందే రోటర్‌ను సన్నని కడ్డీ మీద వేలాడదీయండి. ఎప్పుడూ ఒకే వైపు కిందికి వాలితే రెండో వైపు చిన్న నట్టు కట్టండి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగాలి. మొదటిసారి 200 ఆర్‌పీఎమ్, తర్వాత 400, అలా. చుట్టూ 3 మి.మీ. పాలికార్బొనేట్ కవచం. అక్రిలిక్ వద్దు, దెబ్బకు పెచ్చులుగా పగులుతుంది. తిరిగే తలానికి సూటిగా, అంటే పళ్లెం అంచుల వైపు, ఎవరూ నిలబడకూడదు. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఆన్ చేసేవాళ్లకు చెప్పడానికి నా దగ్గరేమీ లేదు.

---

సున్నాఒకటి

కోడ్ వైపు ముఖ్యమైనవి.

హాల్ ఇంటరప్ట్‌లో (సెన్సర్ మోగగానే నడిచే కోడ్ ముక్కలో) పని ఒక్కటే: ఇప్పటి మైక్రోసెకన్లు రాసుకుని, పాతది తీసేసి చుట్టు కాలం పట్టుకోవడం. గత చుట్టు కాలంలో సగం కాకముందే ఇంకో పల్స్ వస్తే పారేయండి, అది అయస్కాంతం అంచు దగ్గర రెండోసారి మోగినది. పల్స్ వచ్చిన ప్రతిసారీ ముక్కల లెక్క సున్నాకు రావాలి.

బొమ్మను ధ్రువ నిరూపకాల్లోకి ముందే మార్చి పెట్టుకోండి, తిరుగుతుండగా సైన్ కొసైన్లు వద్దు. 180 ముక్కలు × 64 ఎల్‌ఈడీలు × 3 బైట్లు వేస్తే 34,560 అవుతుంది. నిజానికి రెండో చేయి అదే పట్టికను 90 ముక్కల తేడాతో చదువుతుంది కాబట్టి 17,280 బైట్లు చాలు. ఫ్రేముకు ఇంతే, ఈఎస్‌పీ32 ర్యామ్‌లో రెండు మూడు ఫ్రేములు హాయిగా పడతాయి.

రంగుకు రెండు దిద్దుబాట్లు. గామా, అంటే కంటికి తగ్గట్టు వెలుగు విలువలను సర్దడం, అందరికీ తెలిసిందే. రెండోది దూరం: లోపలి ఎల్‌ఈడీ చిన్న వృత్తం మీద తిరుగుతూ అదే వెలుగు కుమ్మరిస్తుంది, అందుకే మధ్యలో కళ్లు చెదిరి అంచు మసకబారుతుంది. గామా అయ్యాక ప్రతి విలువనూ ఆ ఎల్‌ఈడీ దూరం ÷ కొస దూరంతో గుణించండి. ముందు గుణిస్తే తప్పు, మధ్యభాగం చీకటైపోతుంది.

వైఫై ఒక కోర్ మీద, ఎల్‌ఈడీల పని రెండో కోర్ మీద. రెండూ కలిస్తే బొమ్మ ఉన్నట్టుండి తుళ్లుతుంది. వైఫై పంపే క్షణంలో కరెంటు ఎగిసి బోర్డు రీసెట్ అవుతుంటే కెపాసిటర్‌ను బోర్డు కాళ్ల దగ్గరికే తీసుకురండి.

---

అక్షరాలబుట్ట

అన్నీ కట్టాక ఎవరో దింపుకున్న తిరిగే భూగోళమే చూపిస్తే ఇంత శ్రమ దేనికండీ? ఈ పరికరానికి సొంత కాగితం ఉంది, అది గుండ్రం. చతురస్రంగా గీసిన బొమ్మను ఇందులో ఇరికిస్తే మూలలు పోతాయి, మధ్యలో గజిబిజి. మొదటి నుంచీ 180 గళ్ల వెడల్పు, 32 గళ్ల ఎత్తున్న పట్టీగా గీయండి. కింది వరుస కేంద్రం, పై వరుస అంచు. ఆ పట్టీలో అడ్డగీత వృత్తమవుతుంది, ఏటవాలు గీత శంఖం మెలికవుతుంది. పట్టీని ఫ్రేముకు ఒక గడి జరిపితే 12 సెకన్లకు ఒక నిండు భ్రమణం, సెకనుకు 15 ఫ్రేముల లెక్కన.

తెలుగు అక్షరాలు వేసేవాళ్లకు. అంచు దగ్గర గడి 6.9 × 7.7 మి.మీ., దాదాపు చతురస్రం. లోపలికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. 16 వరుసల అక్షరానికి అడుగు, తలకట్టులో సగం వెడల్పే ఉంటుంది, అంతవరకు కన్ను సర్దుకుంటుంది. అంతకు మించి ఎత్తు పెంచితే ఒత్తులు నలిగిపోతాయి. తగ్గిస్తే ‘ష్ట్ర’ లాంటివి మచ్చలవుతాయి. ఒక్కో అక్షరానికి 16 ముక్కలు ఇస్తే చుట్టుకు 11 అక్షరాలు.

మైక్రోకంట్రోలర్ లైబ్రరీల్లోని ఫాంట్లకు గుణింతాలు, ఒత్తులు కలపడం రాదు, క్షకారం కూడా విడివిడి ముక్కలుగా వస్తుంది. కంప్యూటర్ మీద హార్ఫ్‌బజ్ (గుణింతాలు, ఒత్తులు కలిపే లైబ్రరీ) వాడే ప్రోగ్రాముతో పదాన్ని బిట్‌మ్యాప్‌గా మార్చి, ఆ బొమ్మనే పంపండి. నునుపు అంచులు ఆపేసి, సన్నగీతల ఫాంటు కాకుండా ఒకే మందం గల ఫాంటు ఎంచుకోండి.

---

కొత్తచేయి

బ్యాటరీ మార్చుకుంటూ కూర్చోకుండా స్లిప్ రింగ్ (తిరిగే భాగానికి కరెంటు అందించే రింగు) పెట్టొచ్చా? ఇంకోటి, బొమ్మ నిలబడక నెమ్మదిగా ఒక పక్కకు జారుతుంటే ఏం చూడాలి?

---

తిరుగుడుపువ్వు

మామూలు క్యాప్సూల్ స్లిప్ రింగులకు రేటింగ్ 250–300 ఆర్‌పీఎమ్ వరకే. 900 దగ్గర బ్రష్‌లు త్వరగా అరుగుతాయి, కరెంటు క్షణక్షణం తెగి బోర్డు రీసెట్ అవుతుంది. వైర్‌లెస్ కాయిల్ జత మెరుగే, కానీ మధ్య ఎడం రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంచాలి, ఇరుసు ఊగితే వోల్టేజీ ఊగుతుంది. కాయిల్ వెనక ఇనుప మోటారు ఉంటే ఫెరైట్ షీటు తప్పనిసరి, లేకుంటే మోటారే వేడెక్కుతుంది.

బ్యాటరీతో ఎంత వస్తుందంటే: 64 ఎల్‌ఈడీలూ నిండు తెలుపయితే 3.84 ఆంపియర్లు, బూస్ట్ మాడ్యూల్ చేతులెత్తేస్తుంది. కోడ్‌లోనే 2 ఆంపియర్లకు కట్టడి చేయండి. మామూలు బొమ్మలకు సగటు 1 ఆంపియర్ లోపే, 1000 ఎమ్ఏహెచ్‌తో అరగంట. సెల్ 5సీ, అంటే 5 ఆంపియర్లు, ఇవ్వగలగాలి.

జారడం: పల్స్ దగ్గర లెక్క సున్నాకు వస్తుంటే బొమ్మ జారడానికి వీల్లేదు. జారుతోందంటే కోడ్ సొంత టైమర్‌తో తిరుగుతోంది, హాల్ పల్స్‌ను చూడటం లేదు. తీగ తెగిందా, అయస్కాంతం ఎడం 4 మి.మీ. దాటిందా చూడండి. జారకుండా వణుకుతుంటే అది వేరే జబ్బు, మోటారు వేగం చుట్టు చుట్టుకూ మారుతోంది. రెండు బొమ్మలు కొద్ది ఎడంతో కనబడితే రెండు చేతులూ సరిగ్గా 180 డిగ్రీల్లో లేవు, లేదా ఇరుసు సరిగ్గా నడుమ లేదు. కొంచెం తేడా అయితే రెండో చేతికి 90 బదులు 89 లేదా 91 ముక్కల తేడా ఇచ్చి చూడండి. అక్షరాలు అద్దంలోలా తిరగబడితే మోటారు తీగలు రెండింటినీ అటూ ఇటూ మార్చి కట్టండి.

---

గాజుపలక

వీడియో తీసి ఇక్కడ పెట్టేవాళ్లు షట్టర్‌ను చేత్తో 1/30 సెకనుకు పెట్టండి. 900 ఆర్‌పీఎమ్‌లో అది సరిగ్గా అర చుట్టు, రెండు చేతులూ కలిసి పళ్లెం నిండుతుంది. ఫోను తనంతట తాను 1/120 ఎంచుకుంటే పావు పళ్లెమే కనబడుతుంది, ‘పనిచేయడం లేదు’ అంటూ ఇంకో చర్చ మొదలవుతుంది.

---

చక్రధారి

భాగాల జాబితా, కొలతలు మొదటి పోస్టు కిందికి చేరుస్తున్నాను. నిప్పురవ్వ గారి భద్రత పేరా జాబితా కంటే పైన పెడతాను. ఇక మిగిలిన ప్రశ్న: చేతులను సగం ఎడం, అంటే 3.47 మి.మీ., ఒకదానికొకటి జరిపి బిగిస్తే వరుసలు 64 అవుతాయి కదా, కానీ కంటికి సెకనుకు 15 బొమ్మలే. ఆ మినుకును తట్టుకోవాలంటే 1,500 ఆర్‌పీఎమ్ దాకా పోవాలి, లాగుడు 2.8 రెట్లవుతుంది. అల్యూమినియం పట్టీ ఎంత మందం పెట్టాలో లెక్క చూసినవాళ్లు రాయండి.